దుంప వేరు మీద చుక్కల పొర: ఎమిలీ అవ్వ చిత్రాల చరిత్ర

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో విక్టోరియా నేషనల్ గ్యాలరీ అనే పెద్ద చిత్రశాల ఉంది. అక్కడి చిత్రాల్లో ఒకటి ఎనిమిది మీటర్ల పొడవు, దాదాపు మూడు మీటర్ల ఎత్తు ఉంటుంది. నల్ల గుడ్డ మీద తెల్ల గీతలు, అంతే. ఒక గీత ఇంకో గీతను దాటుతుంది, చుట్టుకుంటుంది, విడిపోయి అంచు దాకా పాకుతుంది. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. కళల గురించి రాసేవాళ్లు ఇలాంటి వాటిని నైరూప్య చిత్రాలు అంటారు. అంటే రూపం లేని చిత్రాలని అర్థం. ఇది 1995లో వేసిన చిత్రం. వేసినామెకు అప్పటికి ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె ఏ బొమ్మల కాలేజీలోనూ చదవలేదు. ఆమె ఆ దేశపు ఆదివాసీ. ఈ చిత్రాన్ని ఇంగ్లిషులో 'బిగ్ యామ్ డ్రీమింగ్' అంటున్నారు. యామ్ అంటే దుంప.

దుంప అన్న మాట వినగానే మనకు ఆ గీతలు ఏమిటో సగం అర్థమైపోతుంది. చెంచు పెంటల్లో, కొండరెడ్ల గూడేల్లో దుంపల కోసం అడవికి వెళ్లే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తీగను పట్టుకుని దాని మొదలు వెతుకుతారు. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతుకు తవ్వాలో, ఎంత ముక్క మిగిల్చి మట్టి కప్పితే మళ్లీ మొలుస్తుందో వాళ్లకు తెలుసు. ఆ తెల్ల గీతలు నేల కింద పాకే దుంప వేర్లు. దుంప ఊరినప్పుడు పైన నేల పగులుతుంది, ఆ పగుళ్లు కూడా అవే. నగరంవాళ్లకు రూపం లేనట్టు కనిపించింది మనకు బాగా తెలిసిన రూపమే.

ఆమె పేరు ఎమిలీ కామే ఉంగ్వారే. 'కామే' అన్న మాట ఆ దుంపతీగ గింజకు వాళ్ల భాషలో పేరు. మన ఊళ్లలో ఆ వయసు ఆడమనిషిని అవ్వ అంటాం కాబట్టి ఇక్కడ కూడా ఎమిలీ అవ్వ అనే పిలుచుకుందాం. ఆమె చిత్రాల్లో పొర మీద పొర ఎలా వచ్చింది, ఆ పొరల్లో ఏముంది, ఆ తెలివిడికీ భూమి హక్కుకూ సంబంధం ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. మన పిల్లలు, మన తోటి ఉపాధ్యాయులు ఈ కథ తెలుసుకోవాలని మా కోరిక.

ఆ నేల, ఆ మనుషులు

ఆస్ట్రేలియా మధ్య భాగమంతా ఎర్ర ఇసుక నేల. వానలు తక్కువ. అక్కడ అలీస్ స్ప్రింగ్స్ అనే పట్నం ఉంది. దానికి ఈశాన్యంగా రెండు వందల కిలోమీటర్లకు పైగా వెళితే శాండోవర్ నది ప్రాంతం వస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ నదిలో ఇసుకే ఉంటుంది. అది అన్మటియర్, అల్యావర్ అనే రెండు ఆదివాసీ తెగల నేల. ఎమిలీ అవ్వ అన్మటియర్ తెగలో 1910 ప్రాంతంలో పుట్టింది. ఆమె పుట్టిన చోటు పేరు అల్హల్కెర్. అక్కడ కమానులా రంధ్రం పడిన ఒక రాయి ఉంది. అది వాళ్ల పూర్వీకుల స్థలం. ఎమిలీ అవ్వ ముక్కు కుట్టించుకున్నది ఆ రాయికి గుర్తుగానే. తన నేలను ఆమె తన ముఖం మీదే మోసిందన్నమాట.

బ్రిటిష్‌వాళ్లు 1788లో ఆస్ట్రేలియాలో వలస పెట్టినప్పుడు ఆ ఖండాన్ని ఎవరిదీ కాని నేలగా లెక్కగట్టారు. దున్నిన పొలం కనిపించలేదు, కంచె కనిపించలేదు, కాగితం కనిపించలేదు కాబట్టి యజమాని లేడన్నారు. వేల ఏళ్లుగా అక్కడే బతుకుతున్న తెగలు చట్టం కంటికి ఆనలేదు. ఆ దేశపు హైకోర్టు ఈ అబద్ధాన్ని కొట్టివేయడానికి 1992 దాకా పట్టింది. టోరెస్ జలసంధిలోని ఒక దీవి మనిషి ఎడీ మాబో, ఆయన తోటివాళ్లు వేసిన కేసులో ఆ తీర్పు వచ్చింది. అడవిలో పోడు చేసుకుంటున్నవాళ్లను ఆక్రమణదారులని రాసిన రికార్డుల సంగతి తెలిసిన మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

1920ల్లో శాండోవర్ ప్రాంతాన్ని పశువుల పెంపకానికి తెల్లవాళ్లకు లీజుకిచ్చారు. వాళ్లు ఆ లీజు భూమికి 'యుటోపియా' అని పేరు పెట్టారు. ఆదర్శ లోకం అని ఆ మాటకు అర్థం. ఆ లోకంలో అసలు నేలవాళ్లు కూలీలయ్యారు. ఆడవాళ్లు ఇళ్లలో పనిచేశారు, మగవాళ్లు పశువులను తోలారు. తిండికీ బట్టకూ చేసిన చాకిరీ అది. ఎమిలీ అవ్వ పశువుల కేంద్రాల్లో పనిచేసింది, ఒంటెలను కూడా తోలింది. ఉత్తర ప్రాంతపు పశువుల కేంద్రాల్లో ఆదివాసీ కూలీలకు సమాన వేతనం ఇవ్వాలన్న నిర్ణయం 1966లో గాని రాలేదు. అదే ఏడాది వేవ్ హిల్ అనే చోట గురింజీ తెగవాళ్లు విన్సెంట్ లింగియారి నాయకత్వంలో పని మానేసి బయటికి నడిచారు. కూలి కోసం మొదలైన ఆ సమ్మె భూమి కోసం పోరాటంగా మారి ఏళ్ల తరబడి సాగింది. దాని తర్వాతనే 1976లో ఉత్తర ప్రాంత ఆదివాసీ భూమి హక్కుల చట్టం వచ్చింది.

ఇసుక మీద, ఒంటి మీద

ఎమిలీ అవ్వ మొదటి చిత్రాలు గుడ్డ మీద వేసినవి కావు. ఆ తెగల్లో ఆడవాళ్లు కథ చెప్పేటప్పుడు ముందు ఇసుకను అరచేత్తో చదును చేస్తారు. వేలితో, పుల్లతో గీస్తూ చెబుతారు. ఒక ఘట్టం అయిపోగానే ఇసుకను తుడిచేసి దాని మీదే ఇంకో ఘట్టం గీస్తారు. వినేవాళ్ల మనసులో ఒక గీత మీద ఇంకో గీత నిలుస్తుంది. నేల మీద మాత్రం చివరిదే మిగులుతుంది.

రెండోది ఒంటి మీద వేసే చిత్రం. ఆడవాళ్ల ఆచారాలను అన్మటియర్ భాషలో 'అవెల్య' అంటారు. పాట, ఆట, ఒంటి మీద గీతలు మూడూ కలిస్తేనే అవెల్య. ఎర్రమన్ను, పసుపు మన్ను, తెల్ల సుద్ద, బొగ్గు పొడి చేసి, ఒంటికి కొవ్వు రాసి దాని మీద పూస్తారు. రొమ్ముల మీద, భుజాల మీద, జబ్బల మీద గీతలు గీస్తారు. గీస్తున్నంతసేపూ ఆ గీతకు చెందిన పాట పాడుతూనే ఉంటారు. ఏ గీత ఎవరు వేసుకోవాలి, ఏ పాట ఎవరు పాడాలి అన్నది తండ్రి వైపు నేలను బట్టి, బంధుత్వాన్ని బట్టి ఉంటుంది. దుంప బాగా ఊరాలని, గింజలు పండాలని, ఈము పక్షులు తిరగాలని ఆ పాటలు. ఎమిలీ అవ్వ తన అల్హల్కెర్ నేలకు అవెల్య జరిపించే పెద్ద. ఆమె కుంచె పట్టేనాటికే ఈ పని దశాబ్దాలుగా చేస్తూ వచ్చింది. అందుకే ఆమెను ముసలితనంలో బొమ్మలు నేర్చుకున్న మనిషి అనడం సరైన మాట కాదు.

ఒక బడి గోడ

ఇక్కడ ఉపాధ్యాయులకు పనికొచ్చే ఒక సంగతి చెప్పాలి. అలీస్ స్ప్రింగ్స్‌కు పడమర వైపున పాపున్యా అనే స్థావరం ఉంది. వేర్వేరు తెగలవాళ్లను వాళ్ల నేలల నుంచి తెచ్చి ప్రభుత్వం అక్కడ ఒక్కచోట పెట్టింది. 1971లో అక్కడి బడిలో జెఫ్రీ బార్డన్ అనే తెల్ల ఉపాధ్యాయుడు బొమ్మల పాఠం చెప్పేవాడు. పిల్లలు సొంతంగా ఇసుకలో గీసుకునే గుర్తులను ఆయన గమనించాడు. ఆ గుర్తులనే బడిలో కూడా వేయమన్నాడు. దాంతో పెద్దవాళ్లు ముందుకొచ్చారు. తేనెచీమ పూర్వీకుల కథను వాళ్లు బడి గోడ మీద పెద్ద చిత్రంగా వేశారు. ఆ చోటు తేనెచీమ కథకు చెందిన నేల. పిల్లలకు వాళ్ల బడి ఏ నేల మీద ఉందో గోడ చెప్పింది.

కొన్నేళ్లకే ఆ గోడకు మామూలు రంగు కొట్టించేశారు. కాని అప్పటికే పాపున్యా పెద్దలు చిన్న చిన్న చెక్కల మీద, తర్వాత కాన్వాసు మీద వేయడం మొదలుపెట్టారు. 1972లో 'పాపున్యా టులా' పేరుతో సొంత కంపెనీ పెట్టుకున్నారు. మొదట్లో వేసిన కొన్ని చిత్రాల్లో ఆచారం తెలిసినవాళ్లు తప్ప ఇతరులు చూడకూడని గుర్తులు ఉన్నాయి. దాని మీద తెగల్లోనే అభ్యంతరాలు వచ్చాయి. ఆ తర్వాత అలాంటి గుర్తులను వదిలేశారు, లేదా వాటి మీద చుక్కల పొర వేసి కప్పారు. ఈ రోజు ప్రపంచమంతా ఆస్ట్రేలియా ఆదివాసీ కళ అనగానే చుక్కలనే గుర్తు చేసుకుంటుంది. ఆ చుక్కలు చూపించడానికి ఎంత పనికొచ్చాయో దాచడానికీ అంతే పనికొచ్చాయి.

మైనం పొరలు, భూమి కేసు

యుటోపియాలో ఆడవాళ్ల చేతికి కొత్త పని 1977లో వచ్చింది. వయోజన విద్య తరగతుల్లో భాగంగా బాతిక్ నేర్పారు. బాతిక్ అంటే గుడ్డ మీద కరిగిన మైనంతో గీసి, రంగులో ముంచే పని. మైనం ఉన్నచోట రంగు పట్టదు. మళ్లీ మైనం వేసి ఇంకో రంగులో ముంచుతారు. ఇలా ఎన్ని రంగులు కావాలంటే అన్నిసార్లు. చివరికి వేడినీళ్లలో మైనం తీసేస్తే పొరలన్నీ ఒకేసారి బయటపడతాయి. కింద ఉండాల్సింది ముందే వేయాలి, తర్వాత వెనక్కి తీసుకోలేం. 1978లో ఆడవాళ్లు బాతిక్ బృందంగా ఏర్పడ్డారు. ఎమిలీ అవ్వ అందులో మొదటి నుంచీ ఉంది. పట్టు గుడ్డల మీద ఆమె దాదాపు పదేళ్లు ఈ పని చేసింది. ఏ గీత పైకి తేలాలి, ఏది అడుగున నిలవాలి అన్న లెక్క ఆమె చేతికి ఇక్కడే బాగా పట్టుబడింది.

అదే కాలంలో యుటోపియా లీజు భూమి మీద ఆదివాసీల హక్కు విచారణకు వచ్చింది. 1976 చట్టం ప్రకారం భూమి కోరేవాళ్లు తాము ఆ నేలకు సంప్రదాయ యజమానులమని చూపాలి. కాగితం అడగలేదు. ఆ నేల మీది పవిత్ర స్థలాలతో తమ వంశానికి సంబంధం ఉందని, ఆ స్థలాలను చూసుకునే ప్రధాన బాధ్యత తమదని చూపమంది చట్టం. అలాంటి బాధ్యత ఎలా చూపుతారు? పాటతో, ఆటతో, గీతతో చూపుతారు. యుటోపియా ఆడవాళ్లు విచారణలో తమ అవెల్య జరిపి చూపారు. ఏ నేల ఏ పాటదో, ఏ గీత ఎవరిదో చెప్పారు. వాళ్ల బాతిక్ పని కూడా ఆ రోజుల్లో వాళ్ల మాటకు బలమిచ్చింది. అప్పటి భూమి కమిషనర్ జస్టిస్ జాన్ టూహీ నివేదిక 1980లో వచ్చింది. ఆ నేల దాని మనుషులకు తిరిగి దక్కింది. ఆ చట్టం కింద వచ్చిన భూమి ఒక ట్రస్టు పేరు మీద ఉంటుంది, దాన్ని ఎవరూ అమ్మలేరు. మన 1/70 చట్టం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే. ఆదివాసీ నేల ఆదివాసీ చేతుల్లోనే ఉండాలని.

ఎమిలీ అవ్వ కాన్వాసు మీద వేసిందంతా ఈ హక్కు వచ్చిన తర్వాతనే. ఈ వరుస గుర్తుంచుకోవాలి. ముందు నేల దక్కింది, తర్వాత రంగులు విరిశాయి.

పొర మీద పొర

1988 చివరలో మధ్య ఆస్ట్రేలియా ఆదివాసీ మీడియా సంఘం యుటోపియా ఆడవాళ్లకు చిన్న కాన్వాసులు, ఆక్రిలిక్ రంగులు పంచింది. దాదాపు ఎనభై మంది తీసుకున్నారు. 1989లో ఆ చిత్రాలను సిడ్నీలో ప్రదర్శించారు. ఎమిలీ అవ్వ వేసిన 'ఈము స్త్రీ' అన్న చిత్రం అందరి కళ్లనూ పట్టింది. బాతిక్‌కు పొయ్యి వెలిగించాలి, నీళ్లు మరగాలి, మైనం ఉడికించి తీయాలి. వయసు మీద పడిన తర్వాత ఆ చాకిరీ కష్టమైందని, కాన్వాసు పని తేలికని ఆమె తర్వాత చెప్పింది. అక్కడి నుంచి చనిపోయేదాకా ఎనిమిదేళ్లలో ఆమె వేసిన చిత్రాలు దాదాపు మూడు వేలని అంచనా.

ఆమె పని తీరు ఇలా ఉండేది. కాన్వాసును గోడకు ఆనించేది కాదు, స్టాండుకు బిగించేది కాదు. నేల మీద పరిచేది. పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేది. గుడ్డ పెద్దదైతే దాని మీదే కూర్చుని చుట్టూ జరుగుతూ వేసేది. అందుకే ఆమె చిత్రాలకు పైభాగం, కింది భాగం అని ఉండవు. నేలకు ఎక్కడ పైన, ఎక్కడ కింద? పక్కన చుట్టాలు, పిల్లలు, కుక్కలు ఉండేవి.

మొదటి పొర నలుపు లేదా ముదురు రంగు. దీన్ని గుడ్డంతా పూసి ఆరనిచ్చేవాళ్లు. ఒంటి మీద గీతలు వేసేటప్పుడు కింద నల్లని చర్మం ఉంటుంది కదా, దాని చోట ఇది నిలబడింది. రెండో పొర గీతలు. దుంప వేరు ఎటు పాకిందో, ఈము ఎటు నడిచిందో ఆ గీతలు చెబుతాయి. ఈ పొర అన్నిటికీ మూలం. మూడో పొర చుక్కలు. గీతల మధ్య, తర్వాత గీతల మీద చుక్కలు పడతాయి. అవి గింజలు, పూలు, ఆకులు, వాన పడిన తర్వాత ఇసుక మీద పరుచుకునే పచ్చదనం. ఆ చుక్కల మీద ఇంకో రంగు చుక్కలు, వాటి మీద మరో రంగు. ఆక్రిలిక్ రంగు త్వరగా ఆరుతుంది కాబట్టి కింది చుక్క చెరిగిపోకుండా పైన ఇంకోటి వేయొచ్చు. ఆరకముందే వేస్తే రెండు రంగులు అంచుల దగ్గర కలిసి మూడో రంగు పుడుతుంది. ఆమె రెండు పద్ధతులూ వాడింది.

మొదటి రెండు మూడేళ్ల చిత్రాల్లో చుక్కల కింద గీతలు కొంచెం కొంచెం కనిపిస్తాయి. దట్టంగా పెరిగిన గడ్డిలో కాలిబాట కనిపించినట్టు ఉంటాయి. తర్వాత చుక్కలు ఎంత దట్టమయ్యాయంటే గీతలు పూర్తిగా అడుగుకు వెళ్లిపోయాయి. 1992 తర్వాత ఆమె పెద్ద కుంచెలు పట్టింది. కుంచెను ఒకేసారి రెండు రంగుల్లో ముంచి, గుడ్డ మీద గట్టిగా మోపేది. వెంట్రుకలు చుట్టూ విచ్చుకుని, ఒక్క దెబ్బకు పువ్వులాంటి గుర్తు పడేది. మధ్యలో ఒక రంగు, అంచున ఇంకో రంగు. అలా వందల దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడితే రంగు మందంగా పేరుకుంటుంది. దగ్గరికి వెళ్లి పక్క నుంచి చూస్తే గుడ్డ చదునుగా ఉండదు. గట్లు, గుంటలు, గరుకు నేలలా ఉంటుంది. 1994లో వేసిన 'ఎర్త్స్ క్రియేషన్' అలాంటిదే. నాలుగు గుడ్డలు కలిపి ఆరు మీటర్లకు పైగా పొడవు. వానల తర్వాత ఎడారి పచ్చబడే కాలం అందులో ఉంది.

ఆ తర్వాత ఆమె పొరలు తీసేయడం మొదలుపెట్టింది. చుక్కలు పోయాయి. తెల్ల గుడ్డ మీద ఒంటి గీతలు మాత్రమే వేసింది, అవెల్యలో రొమ్ముల మీద వేసే అడ్డగీతల్లాగా. 1995లో పెద్ద దుంప చిత్రం వేసింది. ముందు గీసుకోలేదు, కొలవలేదు, మధ్యలో దిద్దలేదు. రెండు రోజుల్లో ముగించింది. ఎన్నో ఏళ్లు చుక్కల కింద దాగి ఉన్న వేరు ఇప్పుడు ఒంటరిగా పైకొచ్చింది. 1996లో చనిపోవడానికి రెండు వారాల ముందు వెడల్పు కుంచెతో మూడు రోజుల్లో ఇరవై నాలుగు చిత్రాలు వేసింది. వాటిలో గీత కూడా లేదు, రంగు మైదానాలే. ఆ ఏడాది సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది.

రూపం లేదన్నది ఎవరు?

ఆమె చిత్రాలు చూసిన నగరం విమర్శకులు ఫ్రాన్సు, అమెరికా చిత్రకారుల పేర్లతో పోల్చారు. మోనే అన్నారు, పొల్లాక్ అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. కాని ఆమె వాళ్లను చూసి నేర్చుకున్న మనిషి కాదు. నీ చిత్రంలో ఏముందని అడిగితే ఆమె దుంప, బల్లి, గడ్డిగింజ, ఈము, ఈము తినే మొక్క అంటూ వరుసగా చెప్పి, అంతా అందులో ఉందనేది. తన నేలంతా ఉందని అర్థం. ఎన్ని చిత్రాలు వేసినా ఆమె వేసింది ఒకే చోటును. మూడు వేల సార్లు అల్హల్కెర్‌నే వేసింది.

చూసేవాడికి లోపలి సంగతి తెలియనంత మాత్రాన అక్కడ సంగతి లేదని కాదు. మన పండగల్లో నేల మీద వేసే ముగ్గు, సవరల గోడబొమ్మలు, పచ్చబొట్టు చుక్కలు బయటివాళ్లకు అలంకారంగానే కనిపిస్తాయి. అలంకారం అన్న పేరు ఒకసారి పడిందంటే ఇక వాటి అర్థం ఎవరూ అడగరు. అర్థం అడగని చోట దాన్ని తెలిసిన మనిషికి కూడా విలువ ఉండదు. ఎమిలీ అవ్వ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. అడిగినా అంతా చెప్పాల్సిన పని లేదని ఆమెకు తెలుసు. చెప్పదగ్గది రంగుగా పైకి వచ్చింది, చెప్పకూడనిది పొర కింద ఉండిపోయింది. తన తెగ కట్టుబాటును తప్పకుండానే ఆమె ప్రపంచానికి తన నేలను చూపగలిగింది.

ధర ఎవరికి దక్కింది?

ఈ చరిత్రలో చేదు భాగం కూడా చెప్పకపోతే మనం పిల్లలకు సగమే చెప్పినట్టు. ఆమె పేరు పెరిగే కొద్దీ వ్యాపారులు వరుస కట్టారు. ఒక ముసలామె దాదాపు రోజుకో చిత్రం వేసిందంటే అందులో ఇష్టమెంతో, ఒత్తిడి ఎంతో ఆలోచించాలి. వచ్చిన డబ్బు ఆమె తన దగ్గర దాచుకోలేదు. వాళ్ల కట్టుబాటు ప్రకారం చుట్టాలందరికీ పంచింది. ఆమె మీద ఆధారపడినవాళ్లు చాలామంది. 2007లో 'ఎర్త్స్ క్రియేషన్' వేలంలో పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. ఆ దేశపు ఆదివాసీ చిత్రానికి అంత ధర పలకడం అదే మొదటిసారి. 2017లో అదే చిత్రం ఇరవై లక్షలు దాటింది. ఆ డబ్బంతా చేతులు మార్చుకున్నవాళ్లది.

2007లోనే ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ ఆదివాసీ కళల వ్యాపారం మీద విచారణ చేసి నివేదిక ఇచ్చింది. తక్కువ ఇచ్చి వేయించుకోవడం, నకిలీలు అమ్మడం లాంటివి అందులో చర్చకు వచ్చాయి. 2009లో చేసిన చట్టం ప్రకారం చిత్రం మళ్లీ అమ్ముడైతే చిత్రకారులకు, వాళ్ల వారసులకు అమ్మకం ధరలో ఐదు శాతం చెల్లించాలి. మరోవైపు యుటోపియా ఊళ్లలో ఇళ్లు, ఆసుపత్రి, నీళ్ల పరిస్థితి ఎంత అధ్వానంగా ఉందో పాత్రికేయుడు జాన్ పిల్జర్ 2013లో 'యుటోపియా' అన్న సినిమాలో చూపాడు. చిత్రాలు జపాన్ వెళ్లాయి, వెనిస్ వెళ్లాయి, 2025లో లండన్‌లోని టేట్ మోడర్న్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. కళకు గౌరవం వచ్చినంత త్వరగా ఊరికి నీళ్లు రాలేదు. కళ గెలిస్తే జాతి గెలిచినట్టే అని చెప్పేవాళ్లకు ఈ లెక్క కూడా చూపాలి.

మన బడిలో ఏం చేయొచ్చు?

ఈ కథ నుంచి మన పిల్లలకు చుక్కల బొమ్మలు నేర్పమని మేము అనడం లేదు. ఆ చుక్కలు అన్మటియర్ ఆడవాళ్లవి, వాటిని అరువు తెచ్చుకుంటే మనకు ఒరిగేది లేదు. నేర్చుకోవాల్సింది పద్ధతి. ముందు నేల తెలియాలి, తర్వాత గీత, ఆ తర్వాత చుక్క. మన బడుల్లో బొమ్మల పీరియడ్ అంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. కొబ్బరిచెట్టు లేని ఊళ్లో కూడా పిల్లలు కొబ్బరిచెట్టే వేస్తారు. దాని బదులు ఒక పెద్ద కాగితం నేల మీద పరిచి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, ఊరి నేలను పొరలుగా వేయించవచ్చు. మొదట వాగు, ఊట, గట్టు. దాని మీద పాత పోడు, పశువులు తిరిగే దారి, దుంపలు దొరికే చోటు, ఇప్పపూలు ఏరే చెట్లు. దాని మీద ఊరి దేవత స్థలం, పెద్దల సమాధులు. ఇంటికి వెళ్లి అవ్వను, తాతను అడిగి ఒక్కో చోటుకు మన భాషలో ఉన్న పేరు రాయించాలి. ఏది రాయకూడదో కూడా పెద్దలే చెబుతారు. అది రాయకుండా వదిలేయడం కూడా పాఠమే.

దీనికి చదువు కంటే పెద్ద ప్రయోజనం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో చేసిన నిబంధనల్లో, హక్కు కోరేవాళ్లు చూపదగ్గ సాక్ష్యాలు ఏవో 13వ నిబంధన చెబుతుంది. ప్రభుత్వ కాగితాలతో పాటు పెద్దల మాటను రాతలో పెట్టిన వాంగ్మూలం, పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, నేలను చదును చేసి గట్లు వేసిన గుర్తులు కూడా అందులో ఉన్నాయి. దరఖాస్తుకు ఇలాంటి సాక్ష్యాలు ఒకటికి మించి జతచేయాలి. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ కూర్చున్నప్పుడు ఊరి హద్దులు, స్థలాల పేర్లు చెప్పగలిగిన పెద్దలు చాలా ఊళ్లలో తగ్గిపోతున్నారు. వాళ్లు ఉండగానే పిల్లల చేత వేయించిన పటం ఆ ఊరికి ఆస్తి. దాన్ని బడి బీరువాలో పెట్టి, ఒక నకలు గ్రామసభకు ఇవ్వాలి. పటం కింద వేసిన పిల్లల పేర్లు, చెప్పిన పెద్దల పేర్లు, తేదీ రాయాలి. చెప్పిన అవ్వ పేరు మొదట ఉండాలి.